ఇంటర్నెట్ అంతంతమాత్రంగా ఉన్న హైస్కూల్లో 20 ట్యాబ్‌లు: ఏం కొనాలి, ఎలా నడపాలి?

జడ్పీ_లెక్కలు

అందరికీ నమస్కారం. మా హైస్కూలుకు పూర్వ విద్యార్థులు 20 ట్యాబ్‌లు ఇస్తున్నారు. 8.7 అంగుళాల తెర, 3 జీబీ ర్యామ్, 32 జీబీ మెమరీ, 5,100 ఎంఏహెచ్ బ్యాటరీ. 6 నుంచి 9 తరగతులకు లెక్కల్లో వాడాలని అనుకుంటున్నాం. పెద్ద సెక్షన్‌లో 38 మంది ఉన్నారు. ఇంటర్నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాట్ ఒక్కటే, అది కూడా వరండా చివర్లోనే అందుతుంది. మధ్యాహ్నం పూట గంట, రెండు గంటలు కరెంటు పోతుంది. వీటితో పాటు ఇంకేం కొనాలి? పిల్లల చేతికి ఎలా ఇవ్వాలి? అసలు ఇతర దేశాల్లో ఇలాంటివి ఎక్కడ ఫలితం ఇచ్చాయి, ఎక్కడ ఇవ్వలేదు? వస్తువులు రాకముందే తెలుసుకుంటే మేలని అడుగుతున్నాను.

పల్లె_సర్వర్

సార్, ఇంటర్నెట్ లేకపోవడం పెద్ద అడ్డంకి కాదు. బడిలోనే ఒక చిన్న సర్వర్ పెట్టి, దాని నుంచి వైఫై ద్వారా పాఠాలు అందించవచ్చు. ఇందుకు కోలిబ్రి సరిపోతుంది. లెర్నింగ్ ఈక్వాలిటీ అనే సంస్థ 2017లో విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్, ఉబుంటు, రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు), ఆండ్రాయిడ్, అన్నింటిలోనూ నడుస్తుంది. మెనూలు తెలుగులో కూడా వస్తాయి. పాఠాలు ఛానెళ్ల రూపంలో ఉంటాయి. నెట్ బాగా వచ్చే చోట ఒకసారి దించుకుని, పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్ డిస్క్‌లోనో బడికి తెచ్చి ఎక్కించుకోవచ్చు. ఛానెల్ మొత్తం దించకండి. దించే ముందు ఒక్కో అధ్యాయం ఎన్ని జీబీలో చూపిస్తుంది, మీకు కావలసిన అధ్యాయాలకే టిక్ పెట్టండి.

సర్వర్‌గా చాలామంది రాస్ప్‌బెర్రీ పై 4 పెడతారు. పెట్టేవాళ్లు ఈ మూడింటికీ సిద్ధంగా ఉండాలి.

1. విద్యుత్తు. దానికి 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. మామూలు ఫోన్ ఛార్జర్, సన్నని కేబుల్ పెడితే వోల్టేజీ పడిపోతుంది. పిల్లలందరూ ఒకేసారి వీడియో తెరిచిన క్షణంలో అది ఆగిపోవడమో రీస్టార్ట్ కావడమో జరుగుతుంది.

2. మెమరీ కార్డు. ఏదో రాస్తున్న సమయంలో కరెంటు పోతే మైక్రో ఎస్‌డీ కార్డులో ఫైళ్లు చెడిపోతాయి. మీ ఊళ్లో రోజూ కోత అంటున్నారు కాబట్టి కార్డు మీద ఆధారపడకుండా యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ పెట్టాలి.

3. గడియారం. రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డులో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. నెట్ లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ తప్పుతుంది. దాంతో ఏ పిల్లవాడు ఏ రోజు ఎంతసేపు చదివాడన్న రిపోర్టు మొత్తం గందరగోళమవుతుంది. డీఎస్ 3231 అనే చిన్న గడియారం మాడ్యూల్ తగిలిస్తే సరి. కానీ చాలా బడుల్లో దీని ఊసే ఉండదు.

పాత_ల్యాప్‌టాప్

పైన చెప్పినవన్నీ నిజమే, కానీ మూడింటికీ విడివిడిగా విరుగుడు కొనే బదులు పాత ల్యాప్‌టాప్ ఒకటి పెడితే పోతుంది కదా. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా ఆగదు. గడియారం లోపలే ఉంటుంది. తెర, కీబోర్డు ఉండటం వల్ల ఏదైనా తేడా వస్తే అక్కడే చూసుకోవచ్చు. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, కనీసం గంటన్నర నిలిచే బ్యాటరీ ఉంటే 20 ట్యాబ్‌లకు ధారాళంగా సరిపోతుంది. పూర్వ విద్యార్థుల్లో ఎవరి దగ్గరో ఇలాంటిది తప్పకుండా ఉంటుంది, అడగండి.

విండోస్‌లో పెడితే ముందుగా మార్చాల్సినవి: మూత వేసినా నిద్రపోకుండా పవర్ సెట్టింగ్, ఆటోమేటిక్ అప్‌డేట్ రీస్టార్ట్‌లు ఆపడం, వైఫై నెట్‌వర్క్‌ను పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కు మార్చడం. ఈ చివరిది చేయకపోతే ల్యాప్‌టాప్‌లో కోలిబ్రి చక్కగా తెరుచుకుంటుంది, ట్యాబ్‌లలో మాత్రం రాదు. వైఫై పాడైందనుకుని రౌటర్ మార్చేస్తారు. అసలు కారణం ఫైర్‌వాల్, అంటే బయటి నుంచి వచ్చే కనెక్షన్లను అడ్డుకునే విండోస్ రక్షణ. కోలిబ్రి మామూలుగా వాడే 8080 పోర్టును (కనెక్షన్ వచ్చే ద్వారం) అది బయటివాళ్లకు మూసేస్తుంది. ఫైర్‌వాల్‌లో కోలిబ్రికి అనుమతి ఇస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

పల్లె_సర్వర్

@పాత_ల్యాప్‌టాప్ మీ మాటే సరైనది. కోతలున్న చోట ల్యాప్‌టాప్‌కే నా ఓటు. సౌరవిద్యుత్తు మీద నడిచే బడులకు మాత్రం రాస్ప్‌బెర్రీ పై మేలు, 5 నుంచి 7 వాట్లతో సరిపెట్టుకుంటుంది.

వైఫై మాత్రం ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్‌తోనో రాస్ప్‌బెర్రీ పైలో ఉన్న వైఫైతోనో లాగించకండి. ఎనిమిదో పదో దాటగానే మిగతావి అందుకోవు, ఉన్నవీ జారిపోతాయి. విడిగా రెండు బ్యాండ్ల (2.4, 5 గిగాహెర్ట్జ్) రౌటర్ ఒకటి కొని, ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో దానికి కలపండి. ట్యాబ్‌లను 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పెట్టండి. ఒకే గదిలో వాడేటప్పుడు దీని దూరం చాలు, పక్కవాళ్ల వైఫైల గోల కూడా తక్కువ.

లెక్క వేసుకుంటే ఇలా ఉంటుంది. పది నిమిషాల వీడియో 25 ఎంబీ ఉంటే సెకనుకు 0.33 మెగాబిట్ పడుతుంది. 20 ట్యాబ్‌లకు ఏడు మెగాబిట్లు కూడా దాటదు. అదే వీడియోను 150 ఎంబీ నాణ్యతలో పెడితే ఒక్కోదానికి 2 మెగాబిట్లు, మొత్తం 40. పాత రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఇక్కడే మొరాయిస్తుంది. 8.7 అంగుళాల తెర మీద ఆ రెండు నాణ్యతలకూ పెద్ద తేడా కనబడదు. తక్కువ సైజు వీడియోలే ఎక్కించండి.

మాధవి_టీచర్

ఆండ్రాయిడ్ దగ్గర వచ్చే చిక్కు ఒకటుంది. ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదని ట్యాబ్ గుర్తించి, తనంతట తానే దాన్ని వదిలేస్తుంది. సిమ్ ఉన్న ట్యాబ్ అయితే మొబైల్ డేటాకు వెళ్లిపోతుంది. మొదటిసారి కలిపినప్పుడు "ఇంటర్నెట్ లేకపోయినా కలిసే ఉండాలా" అని అడుగుతుంది. అక్కడ ఎప్పటికీ ఉండాలని ఎంచుకోవాలి. సిమ్‌లు తీసేయడం ఇంకా నయం.

సర్వర్‌కు రౌటర్‌లో ఒకే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) శాశ్వతంగా కేటాయించండి. లేకపోతే రౌటర్ ఆపి వేసిన రోజున అడ్రస్ మారి, ట్యాబ్‌లో దాచుకున్న బుక్‌మార్కులన్నీ పనికిరాకుండా పోతాయి. ఆ అడ్రస్‌ను క్యూఆర్ కోడ్‌గా ముద్రించి గోడకు అంటిస్తే, కొత్తగా వచ్చిన టీచర్ కూడా ఎవరినీ అడగనక్కర్లేదు.

పిల్లల ఖాతాలకు రోల్ నంబరు వాడకండి, అది ఏటా మారుతుంది. అడ్మిషన్ నంబరు పెట్టండి. పేర్ల జాబితాను సీఎస్‌వీ ఫైలుగా (ఎక్సెల్ నుంచి దాచుకోగల పట్టిక) ఒక్కసారే ఎక్కించవచ్చు. చిన్న తరగతులకు పాస్‌వర్డ్ లేకుండా లోపలికి వెళ్లే సెట్టింగ్ ఉంది. దాన్ని వాడితే ప్రతి పీరియడ్‌లో పదేసి నిమిషాలు మిగులుతాయి. కానీ లాగౌట్ చేయించడం మరిచిపోతే తర్వాతి సెక్షన్ పిల్లవాడు ముందువాడి ఖాతాలోనే లెక్కలు చేసుకుంటూ పోతాడు. పీరియడ్ చివరి రెండు నిమిషాలు దీనికే కేటాయించాలి.

కొలిచి_చూద్దాం

వస్తువుల సంగతి బాగా చెబుతున్నారు. సార్ అడిగిన మూడో ప్రశ్నకు నేను జవాబిస్తాను, ఎందుకంటే మిగతా నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడతాయి.

పెరూ దేశం పిల్లలకు లక్షల సంఖ్యలో ల్యాప్‌టాప్‌లు పంచింది. ఇంటర్-అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు 319 గ్రామీణ పాఠశాలల్లో లాటరీ పద్ధతిలో పోల్చి చూసి, 2012లో ఫలితం ప్రకటించారు. పంచిన బడుల్లో ఒక్కో విద్యార్థికి కంప్యూటర్ల నిష్పత్తి 0.12 నుంచి 1.18కి పెరిగింది. 15 నెలల తర్వాత లెక్కల్లోనూ భాషలోనూ మెరుగుదల కనబడలేదు. యంత్రం వచ్చింది, బోధన పాతదే. ఏ పిల్లవాడికి ఏది రాదో చూసి దానికి తగ్గ పాఠం ఇచ్చే ఏర్పాటు అందులో లేదు.

ఇప్పుడు ఢిల్లీ చూడండి. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ కలిసి చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ వాడారు. వారానికి ఆరు రోజులు, రోజుకు 90 నిమిషాలు. అందులో 45 నిమిషాలు కంప్యూటర్ ముందు, మిగతా 45 నిమిషాలు 12 నుంచి 15 మంది గుంపుగా ఒక సహాయకుడి దగ్గర. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37, హిందీలో 0.23 స్టాండర్డ్ డీవియేషన్ (పిల్లల మార్కుల మధ్య ఉండే తేడాలను కొలిచే ప్రమాణం) మెరుగుదల వచ్చింది. పిల్లలు సగటున 58 శాతం రోజులే హాజరైనా ఇంత వచ్చింది.

ఆ అధ్యయనంలో నన్ను బాగా ఆలోచింపజేసింది ఇంకొకటి. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనుక ఉన్నారు. తొమ్మిదికి వచ్చేసరికి ఆ దూరం నాలుగున్నర తరగతులైంది. సాఫ్ట్‌వేర్ చేసిన మేలంతా ఇక్కడే ఉంది. ఎనిమిదో తరగతి పిల్లవాడికి అతనికి నిజంగా వచ్చిన మెట్టు నుంచి మొదలుపెట్టింది. సిలబస్ అలా చేయదు.

కాబట్టి సార్, ట్యాబ్ ఇచ్చే ముందు ప్రతి పిల్లవాడి స్థాయి తెలుసుకోండి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పిల్లల స్థాయి కొలవడానికి వాడే అసర్ పరీక్ష సరిపోతుంది. అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల సంఖ్యలు, అప్పు తీసుకునే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం, ఇదే క్రమం. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. భాగహారం దాటినవాళ్లకు భిన్నాలు, దశాంశాలు, పూర్ణసంఖ్యల మీద పది లెక్కల కాగితం ఒకటి చేర్చండి. ఈ పని చేయకుండా 8వ తరగతి ఛానెల్ తెరిచి అందరికీ బీజగణితం వీడియో పెడితే అది పెరూ దారే.

జడ్పీ_లెక్కలు

చాలా ఉపయోగపడే మాటలు. ఇద్దరికి ఒక ట్యాబ్ ఇస్తే 38 మందికీ ఒకేసారి సరిపోతాయి కదా? అలా చేయవచ్చా?

మాధవి_టీచర్

వీడియో చూడటానికైతే చేయవచ్చు. అభ్యాసానికి వద్దండీ. ఇద్దరిలో చురుకైన పిల్లవాడు నొక్కుతాడు, రెండోవాడు చూస్తాడు. రిపోర్టులో మాత్రం ఒక్క ఖాతాకే మార్కులు పడతాయి, అవి ఎవరివో తేలదు.

సెక్షన్‌ను సగం చేయండి. 19 మంది ట్యాబ్‌ల దగ్గర, 19 మంది మీ దగ్గర. ఒక ట్యాబ్ స్పేర్‌గా మిగులుతుంది, అది ఎప్పుడూ అవసరమే. వరుసగా రెండు పీరియడ్లు కలిపి 80 నిమిషాలు దొరికితే ఇలా: పంచడానికి 3, మొదటి సగానికి 35, మార్చుకోవడానికి 4, రెండో సగానికి 35, సర్దడానికి 3. ఢిల్లీ కేంద్రాల్లో చేసింది కూడా దాదాపు ఇదే, సగం యంత్రం, సగం మనిషి. ఒకే పీరియడ్ దొరికితే ఈ రోజు ఒక సగం, రేపు ఇంకో సగం పెట్టుకోండి. 40 నిమిషాల్లో ఇద్దరినీ మార్చాలని చూస్తే చేతికి వచ్చేది పదిహేనేసి నిమిషాలే.

పంచే పద్ధతి ముఖ్యం. ట్యాబ్ మీదా, ఛార్జింగ్ గడి మీదా, బల్ల మీదా ఒకే నంబరు ఉండాలి. ఐదు ట్యాబ్‌లకు ఒక లీడర్. అందరూ అల్మరా దగ్గరికి ఎగబడితే తెర పగిలేది అక్కడే.

కొలిచి_చూద్దాం

పై లెక్క ప్రకారం వారానికి రెండు సార్లు జరిగితే ఒక్కో పిల్లవాడికి 70 నిమిషాలు అందుతాయి. ఢిల్లీలో హాజరు 58 శాతమే అనుకున్నా వారానికి 300 నిమిషాలు దాటింది, అందులో సగం సాఫ్ట్‌వేర్‌తో. మీకు అంత ఫలితం నాలుగు నెలల్లో రాదు. ఏడాది మొత్తం వదలకుండా నడిపితేనే తేడా తెలుస్తుంది. హెచ్‌ఎం గారికి, తల్లిదండ్రులకు మొదటి రోజే ఈ మాట చెప్పడం న్యాయం.

కరెంటు_పని

ఛార్జింగ్ గురించి ఎవరూ చెప్పలేదు. బడుల్లో ట్యాబ్‌లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

5,100 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే దాదాపు 20 వాట్-అవర్లు. 20 ట్యాబ్‌లకు 400. వృథాతో కలిపి 500 అనుకోండి, అంటే అన్నీ సున్నా నుంచి నిండటానికి అర యూనిట్ కరెంటు చాలు. ఖర్చు సమస్యే కాదు. సమస్య వేడి, వైరింగ్.

పది పోర్టులున్న ఛార్జింగ్ హబ్‌లు కొనేటప్పుడు పెట్టె మీద మొత్తం వాట్లు చూడండి. 60 వాట్ల హబ్ పది ట్యాబ్‌లకు పంచితే ఒక్కోదానికి 6 వాట్లే వస్తాయి, ఖాళీ ట్యాబ్ నిండటానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఒక్కోదానికి 10 వాట్లు, అంటే 100 వాట్లు దాటిన హబ్‌లు రెండు తీసుకోండి. కేబుళ్లు అర మీటరు పొడవు చాలు. పొడవాటి సన్నని కేబుల్ అయితే వోల్టేజీ దారిలోనే పోతుంది.

స్టీలు ప్లేట్ల స్టాండు లాంటి అర చేయించండి, గడికి 3 సెంటీమీటర్ల వెడల్పు. ఇనుప బీరువాలో ఒకదాని మీద ఒకటి పేర్చి, తలుపు మూసి, రాత్రంతా ఛార్జింగ్ పెట్టడం అన్నిటికంటే ప్రమాదం. లోపల వేడి పోదు, బ్యాటరీలు ఉబ్బుతాయి. బీరువానే వాడాల్సి వస్తే వెనుక, కింద, పైన గాలి రంధ్రాలు కొట్టించి, మనిషి ఉన్న వేళలోనే ఛార్జింగ్ పెట్టండి. ఆ లైనుకు విడిగా 6 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేది), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది) వేయించండి. ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. చాలా బడుల్లో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, ఎర్త్ వైరు ఉండదు.

రోజుకు రెండు గంటలు వాడితే బ్యాటరీ నాలుగో వంతు తగ్గుతుందేమో. రోజూ ఛార్జింగ్ అనవసరం. వారానికి రెండు సార్లు, మధ్యాహ్నం భోజనం వేళ పది, సాయంత్రం స్టడీ అవర్‌లో పది పెట్టుకోవచ్చు.

రౌటర్‌కు 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్ ఒకటి కొనండి. 30 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్నదైతే రౌటర్‌ను మూడు గంటలు నడుపుతుంది. ల్యాప్‌టాప్‌కు, ట్యాబ్‌లకు సొంత బ్యాటరీలు ఉన్నాయి కాబట్టి కరెంటు పోయినా పీరియడ్ ఆగదు. ఇన్వర్టర్ మీద డబ్బు పెట్టనక్కర్లేదు.

పుస్తకమే_ముద్దు

నాకు ఒక అభ్యంతరం ఉంది. స్వీడన్ లాంటి దేశం 2023లో మళ్లీ అచ్చు పుస్తకాల వైపు మళ్లింది, బడులకు పుస్తకాలు కొనడానికి ప్రభుత్వమే నిధులిచ్చింది. అంత డబ్బు, అంత అనుభవం ఉన్నవాళ్లే వెనక్కి వెళుతుంటే మనం తెరలు తేవడం ఎందుకు? ఆ డబ్బుతో గ్రంథాలయం పెట్టవచ్చు కదా.

కొలిచి_చూద్దాం

మీ అభ్యంతరం తీసిపారేసేది కాదు. చదవడం నేర్పడానికి పుస్తకమే సరైనది, అందులో నాకూ సందేహం లేదు. కెన్యా కథ మీకు నచ్చుతుంది. 2015లో దేశమంతా మొదలైన టుసోమె కార్యక్రమంలో పిల్లలకు ట్యాబ్ ఇవ్వలేదు. ఒక్కో పిల్లవాడికి ఒక్కో పుస్తకం ఇచ్చారు, టీచరుకు పాఠం ఎలా నడపాలో చెప్పే గైడ్ ఇచ్చారు. ట్యాబ్‌లు ఇచ్చింది బడులకు వెళ్లి తరగతులు చూసే అధికారులకు. వాళ్లు పాఠం గమనించి, కొందరు పిల్లలతో చదివించి, అక్కడే నమోదు చేస్తే ఏ బడికి ఎవరు వెళ్లారో, పిల్లలు ఎలా చదువుతున్నారో జిల్లా స్థాయిలో కనబడేది. కొద్ది యంత్రాలతో పెద్ద పని.

లెక్కల అభ్యాసం విషయం వేరు. 38 మంది నోటుపుస్తకాల్లో ఎవరు ఏ మెట్టు దగ్గర తప్పుతున్నారో అదే పీరియడ్‌లో చూడటం ఒక్క టీచరు వల్ల కాదు. వెంటనే తప్పు చూపి, దానికి తగ్గ ఇంకో లెక్క ఇవ్వడం యంత్రం చేయగలదు. ఉరుగ్వే దేశం సెయ్‌బాల్ పేరుతో 2007లో ల్యాప్‌టాప్‌ల పంపిణీ మొదలుపెట్టి 2009 నాటికి ప్రభుత్వ ప్రాథమిక బడుల పిల్లలందరికీ ఇచ్చింది. తొలి ఏళ్లలో పంపిణీ వల్ల మాత్రమే లెక్కల్లో మెరుగుదల రాలేదు. తర్వాత స్థాయికి తగ్గట్టు లెక్కలిచ్చే వేదికను చేర్చాక, దాన్ని వాడిన పిల్లల్లో మెరుగుదల కనబడింది. అక్కడే ఇంగ్లీషు టీచర్లు లేని బడులకు వేరే దేశాల టీచర్లు వీడియో ద్వారా వారానికి ఒక పాఠం చెబుతారు. మిగతా రెండు పాఠాలు అదే తరగతి టీచరు నడుపుతారు. ఆమెకు ఇంగ్లీషు అంతగా రాకపోయినా తరగతి మాత్రం ఆమెదే.

పుస్తకమే_ముద్దు

కెన్యా సంగతి తెలియదు, చెప్పినందుకు కృతజ్ఞతలు. ఆరో తరగతి వరకు చదవడం పుస్తకంతోనే అని మీరు ఒప్పుకుంటే నాకు చాలు.

ఫిజిక్స్_మాష్టారు

ట్యాబ్‌లు వచ్చేవరకు ఆగనక్కర్లేదు, ఒక్క ఫోన్‌తో రేపే మొదలుపెట్టే పని ఒకటుంది. ప్లికర్స్ కార్డులు. ఒక్కో పిల్లవాడికి నలుపు తెలుపు గడుల కార్డు ఒకటి. కార్డును నాలుగు వైపుల్లో ఏ వైపు పైకి పట్టుకుంటే ఆ జవాబు. టీచరు ఫోన్ కెమెరాతో తరగతిని ఒకసారి చూస్తే ఎవరు ఏ జవాబిచ్చారో నమోదవుతుంది. మామూలు సెట్‌లో 40 కార్డులు ఉంటాయి, మీ 38 మందికి సరిగ్గా సరిపోతాయి. ప్రశ్నలు ఎక్కించడానికి, ఫలితాలు దాచడానికి నెట్ కావాలి, అంత కొద్ది డేటాకు మీ హాట్‌స్పాట్ చాలు, తరగతి గదిలో సిగ్నల్ అందేలా చూసుకోండి.

తప్పులు జరిగేది ఎక్కడంటే: కార్డులకు మెరిసే ల్యామినేషన్ చేయించడం (కిటికీ వెలుతురు పడి కెమెరా చదవదు), పిల్లలు వేళ్లతో నల్లగడిని కప్పేయడం, ఆదా కోసం కార్డును చిన్నగా అచ్చు వేయించడం (వెనుక బెంచీ అందదు). మందపాటి మ్యాట్ కాగితం వాడండి, అట్టకు అంటించండి.

కార్డుల కంటే ప్రశ్న ముఖ్యం. హార్వర్డ్‌లో భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1991 నుంచి వాడిన పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. ఒక భావన మీద ప్రశ్న అడిగి, ఎవరితోనూ మాట్లాడకుండా జవాబు చూపించమనాలి. సరైన జవాబు 30 శాతం కంటే తక్కువ వస్తే పాఠం మళ్లీ చెప్పాలి. 70 దాటితే క్లుప్తంగా వివరించి ముందుకు వెళ్లాలి. మధ్యలో ఉంటే అసలు పని మొదలవుతుంది. వేరే జవాబిచ్చిన పక్కవాడిని ఒప్పించమని రెండు నిమిషాలిచ్చి మళ్లీ ఓటు వేయించాలి. ఉదాహరణకు 0.45, 0.5 లలో ఏది పెద్దది? 45 పెద్దది కాబట్టి మొదటిదే అనేవాళ్లు ఎందరో ఒక్క స్కానులో తెలిసిపోతుంది.

కొత్త_బీఈడీ

ఇంత శ్రమ ఎందుకు, ఏఐ చాట్‌బాట్ ఒకటి ఉంటే పిల్లలు అడిగినవన్నీ చెబుతుంది కదా అని మా బ్యాచ్‌లో అనుకుంటున్నారు. మీ అభిప్రాయం ఏమిటి?

కొలిచి_చూద్దాం

ఎలా వాడతారన్న దాని మీద ఫలితం తలకిందులవుతుంది. టర్కీలో ఒక హైస్కూలులో దాదాపు వెయ్యి మంది పిల్లలతో లెక్కల్లో పరీక్షించారు. మామూలు చాట్‌బాట్ ఇచ్చిన గుంపు అభ్యాసంలో 48 శాతం మెరుగ్గా చేసింది. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు చాట్‌బాట్ ఎరగని గుంపు కంటే 17 శాతం తక్కువ తెచ్చుకుంది. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా, టీచర్లు తయారుచేసిన వివరాలతో కట్టడి చేసిన రకాన్ని వాడిన గుంపులో ఈ నష్టం దాదాపు కనబడలేదు.

నైజీరియాలోని ఎడో రాష్ట్రంలో 2024లో బడి అయ్యాక ఆరు వారాలు ఏఐతో ఇంగ్లీషు నేర్పారు. మంచి మెరుగుదల వచ్చింది. కానీ అక్కడ ప్రతి సెషన్‌లో టీచరు ఉన్నారు, ఏం అడగాలో చెప్పి మొదలుపెట్టించారు. పిల్లవాడి చేతికి ఇచ్చి వదిలేస్తే అది హోంవర్క్ చేసిపెట్టే యంత్రమే అవుతుంది. పైగా జడ్పీ_లెక్కలు గారి తరగతి గదుల్లో నెట్ అందదు, కాబట్టి ఇప్పటికి ఈ ప్రశ్న పక్కన పెట్టవచ్చు.

జడ్పీ_లెక్కలు

తెలుగులో పాఠాలు ఎంతవరకు దొరుకుతాయి? మా పిల్లల్లో సగం మందికి ఇంగ్లీషు వీడియో అర్థం కాదు.

పల్లె_సర్వర్

మెనూలు తెలుగులో ఉన్నంత మాత్రాన పాఠాలన్నీ తెలుగులో ఉండవు, ఇది ముందే తెలుసుకోవాలి. స్టోరీవీవర్ అనే ఉచిత పిల్లల కథల వేదికలో తెలుగు కథలు చాలా ఉన్నాయి, కోలిబ్రిలో ఆ ఛానెల్ దొరుకుతుంది. సైన్స్, లెక్కల ప్రయోగాలను తెర మీద చేసి చూసే ఫెట్ (PhET) సిమ్యులేషన్లకు తెలుగు అనువాదాలు ఉన్నాయి, నెట్ లేకుండానే నడుస్తాయి. లెక్కల అభ్యాసాలు ఇంగ్లీషులోనే ఎక్కువ. అంకెలతో ఉన్న అభ్యాసాలకు భాష పెద్దగా అడ్డురాదు, రాతలెక్కలకు వస్తుంది.

దీనికి దారి ఉంది. ఛానెళ్లు తయారుచేసే వెబ్‌సైట్ కోలిబ్రి స్టూడియోలో మీ సొంత ఛానెల్ కట్టుకోవచ్చు. ఎంపీ4 వీడియో, ఎంపీ3 ఆడియో, పీడీఎఫ్, ఈపబ్ పుస్తకాలు, సొంత ప్రశ్నలు అన్నీ పెట్టవచ్చు. వీడియో నాలుగైదు నిమిషాలు దాటకూడదు, ఒక వీడియోలో ఒకే మెట్టు. ఉదాహరణకు "హారాలు వేరైన భిన్నాల కూడిక"లో కసాగు కనుక్కోవడం ఒకటి, సమాన భిన్నాలుగా మార్చడం ఇంకొకటి. ఫోన్‌ను స్టాండుకు బిగించి కాగితం మీద రాస్తూ రికార్డు చేస్తే చాలు, మొహం కనబడనక్కర్లేదు. ధ్వని మాత్రం స్పష్టంగా ఉండాలి, ఫ్యాను ఆపి రికార్డు చేయండి. ఇంకెవరిదైనా వీడియో తీసి పెట్టేముందు లైసెన్సు చూడండి.

మాధవి_టీచర్

హెడ్‌ఫోన్లు జాబితాలో రాసుకోండి. అవి లేకుండా 19 ట్యాబ్‌లు ఒకేసారి మాట్లాడితే మీ దగ్గరున్న రెండో సగానికి పాఠం వినబడదు. చెవి లోపల పెట్టేవి వద్దు, శుభ్రత ఉండదు. చెవి మీద కూర్చునే వైర్ రకం, జాక్ ఎల్ ఆకారంలో వంగి ఉన్నది తీసుకోండి. నిటారు జాక్ బల్లకు తగిలి విరిగి, ముక్క ట్యాబ్ లోపలే ఉండిపోతుంది. 20కి నాలుగు అదనంగా కొనండి.

రిపోర్టుల్లో అన్నీ చూడాలని కూర్చుంటే రెండో వారానికే మానేస్తారు. వారానికి ఒకసారి మూడు విషయాలు చూస్తే చాలు. ఎవరు అసలు తెరవలేదు, ఏ ప్రశ్న ఎక్కువమంది తప్పారు, ఎవరు ప్రశ్నకు ఐదు సెకన్లు కూడా తీసుకోకుండా నొక్కుకుంటూ పోతున్నారు. మూడో రకం పిల్లలు చాలాసార్లు బద్ధకస్తులు కారు. వాళ్లకు ఆ మెట్టు అందడం లేదు, ఒక మెట్టు కిందికి దించండి. ప్రతి పిల్లవాడి చేతిలో రఫ్ నోట్సు, పెన్సిలు ఉండి తీరాలి. తెర మీద చూసి మనసులో చేసేస్తే భాగహారం ఎప్పటికీ రాదు.

జడ్పీ_లెక్కలు

అందరికీ ధన్యవాదాలు. ఇలా అనుకుంటున్నాం: పాత ల్యాప్‌టాప్ ఒకటి, రెండు బ్యాండ్ల రౌటర్, దానికి డీసీ యూపీఎస్, 100 వాట్లు దాటిన హబ్‌లు రెండు, అర మీటరు కేబుళ్లు 24, హెడ్‌ఫోన్లు 24, స్టీలు అర, ఎంసీబీ, ఆర్‌సీసీబీ. ట్యాబ్‌లు రాకముందే అసర్ పరీక్ష, ప్లికర్స్ కార్డులు మొదలుపెడతాం. ఒక్క సందేహం మిగిలింది. వేసవి సెలవుల్లో ట్యాబ్‌లను ఏం చేయాలి?

కరెంటు_పని

నిండా ఛార్జ్ చేసి దాచకండి, పూర్తిగా ఖాళీగానూ వదలకండి. 50 శాతం దగ్గర స్విచాఫ్ చేసి, కేబుళ్లు తీసేసి, చల్లని గదిలో పెట్టండి. రేకుల గది, పై అంతస్తు వద్దు. మే నెల వేడిలో నిండు బ్యాటరీ చాలా త్వరగా చెడుతుంది. నెలకోసారి ఎవరైనా తెరిచి చూసి, 30 కంటే తగ్గినదాన్ని మళ్లీ 50కి తేవాలి. ఆ పని ఎవరిదో స్టాక్ రిజిస్టర్‌లో పేరు రాసి ఉంచండి.

చూసేటప్పుడు ఒక్కోదాన్ని చదునైన బల్ల మీద వెల్లకిలా పెట్టండి. ఊగుతున్నా, తెర అంచు లేచినా బ్యాటరీ ఉబ్బినట్టే. దాన్ని ఛార్జ్ చేయకూడదు, నొక్కకూడదు, విప్పకూడదు. ఇసుక పోసిన లోహపు డబ్బాలో గది బయట పెట్టి, సర్వీస్ సెంటర్‌కో ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకో ఇచ్చేయాలి. మామూలు చెత్తలో వేయవద్దు.

బడి తెరిచే వారం ముందు ల్యాప్‌టాప్ తేదీ సరిచూసి, కోలిబ్రి డేటాను వేరే డిస్క్‌లోకి బ్యాకప్ తీసి, పై తరగతికి వెళ్లిన పిల్లలను కొత్త క్లాసుల్లోకి మార్చండి. అడ్మిషన్ నంబర్లతో ఖాతాలు చేసి ఉంటే ఈ పని ఒక పూటలో అయిపోతుంది.